పొయ్యి ముట్టించని తీపి

మన ఇళ్లలో అతిథి మర్యాదకి కొలబద్ద చెమట. బొబ్బట్లు కాల్చి కాల్చి ఎర్రబడ్డ మొహం, అడుగంటకుండా పాలు తిప్పి తిప్పి లాగేస్తున్న భుజం కనిపిస్తే గాని వచ్చినవాళ్లకి తృప్తి ఉండదు. పెట్టేవాళ్లకీ అంతే. కష్టపడకుండా చేసింది పెడితే చిన్నచూపు చూసినట్టు అనుకుంటారేమోనని లోపల గుబులు. అందుకే స్ట్రాబెర్రీలూ క్రీమూ గాజు గ్లాసుల్లో సర్ది తెస్తే మొదటి ప్రశ్న "బయట తెప్పించారా?" అనే. కాదంటే రెండో ప్రశ్న: "అయినా ఇందులో చేయడానికేముందండీ?"

చేయడానికి పెద్దగా ఏమీ లేదు, నిజమే. చూసుకోవడానికే చాలా ఉంది.

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో తోపుడు బళ్ల మీద కూడా ప్లాస్టిక్ డబ్బాల్లో స్ట్రాబెర్రీలు కనిపిస్తాయి. ఎక్కువ భాగం మహాబలేశ్వర్, పంచ్‌గని కొండల నుంచి వచ్చేవే. ఎండలకి తాళలేక ఆ కొండలెక్కిన ఇంగ్లీషువాళ్లు అక్కడ వేయించిన పంట అది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈమధ్య మన లంబసింగి వైపూ పండిస్తున్నారు. మంచు చూడ్డానికి వెళ్లినవాళ్లు తోటల్లోకి దిగి ఫొటోలు దిగి, ఓ డబ్బా కొనుక్కుని వస్తున్నారు.

ఎక్కడ కొన్నా డబ్బా తిరగేసి అడుగు చూడాలి. పై వరస ఎప్పుడూ బాగానే ఉంటుంది; నలిగి నీరు కారేవి కిందే దాక్కుంటాయి. తొడిమ చుట్టూ తెల్లగా ఉంటే పక్కన పెట్టేయండి. ఇంటికి తెచ్చి రెండ్రోజులు ఉంచితే పండుతుందనుకోవడానికి ఇది మామిడి కాదు. కోశాక రంగు కాస్త తిరగొచ్చేమో గాని తీపి మాత్రం పెరగదు. అన్నిటికన్నా నమ్మదగింది ముక్కే. మూత సందులోంచి వాసన రాని డబ్బా ఎంత ఎర్రగా ఉన్నా కొనను.

నిజానికి ఈ పండు కోసం పడాల్సిన కష్టమంతా మనకన్నా ముందు వేరేవాళ్లు పడ్డారు. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజనీరు చిలీ దేశం నుంచి పెద్ద కాయలు కాసే మొక్కల్ని ఓడలో ఫ్రాన్స్‌కి మోసుకొచ్చాడు. తీరా చూస్తే ఆయన తెచ్చినవన్నీ ఆడ మొక్కలు, వాటంతటవి కాయవు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మరో రకాన్ని పక్కన నాటితే కాశాయి. ఈ రెండు జాతుల సంకరమే ఇవాళ మన డబ్బాలో ఉన్న స్ట్రాబెర్రీ. అంతటి ప్రయాణం చేసొచ్చిన పండుని మళ్లీ పొయ్యి మీద ఉడికించడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఆరుగురికైతే ఓ నాలుగు వందల గ్రాముల పళ్లు చాలు. తొడిమలు తీయకముందే కడగాలి. తీశాక కడిగితే నీళ్లు లోపలికి పోయి చప్పబడతాయి. నాలుగేసి ముక్కలుగా తరిగి, రెండు చెంచాల పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మూత పెట్టి వదిలేయడమే. మాగాయ ముక్కల మీద ఉప్పు చేసే పనే ఇక్కడ పంచదార చేస్తుంది. అరగంటకి మూత తీస్తే ముక్కలు నిగనిగలాడుతూ ఉంటాయి, గిన్నె అడుగున ఎర్రటి ఊట. అందులో ఒక్క చుక్క కూడా పారబోయొద్దు.

ఇక క్రీమ్. కిరాణా కొట్లో దొరికే చిన్న అట్టపెట్టె ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది. పనీర్ బటర్ మసాలాకి అది బంగారం, ఇక్కడ మాత్రం ఎంత గిలకొట్టినా నిలబడదు. కొవ్వు 30 శాతానికి తగ్గని విప్పింగ్ క్రీమ్ అడిగి తెచ్చుకోవాలి. బేకరీవాళ్లు వాడే నూనె క్రీము రాయిలా నిలబడుతుంది, నిజమే. తిన్నాక అంగిట్లో జిడ్డుగా అంటుకుని సాయంత్రం దాకా వదలదు. అది వద్దు. క్రీమ్‌తో పాటు గిన్నెనీ బీటర్‌నీ కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచాలి. గిలకొడుతుంటే లోపలికి వెళ్లిన గాలి బుడగల చుట్టూ కొవ్వు కణాలు గోడ కట్టుకుంటాయి. వేడి తగిలితే ఆ కొవ్వు కరిగి గోడ కూలిపోతుంది.

ముందు నురగ వస్తుంది. కాసేపటికి బీటర్ తిరిగిన చోట చారలు పడి, చెరిగిపోకుండా నిలుస్తాయి. పైకెత్తి చూస్తే క్రీమ్ కొన లేచి, చివర కొంచెం వంగుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో అర నిమిషం తిప్పామా, రవ్వరవ్వగా అవుతుంది. ఆ తర్వాత వెన్న వేరు, మజ్జిగ వేరు. మీగడ చిలికిన చేతులకి ఈ దారంతా తెలిసిందే. వెన్న పడేదాకా వదలకపోవడం మనకి అలవాటు. సగం దారిలో కవ్వం పక్కన పెట్టడమే కొత్త విద్య.

ఇంగ్లాండులో ఇంత హంగామా కూడా లేదు. వింబుల్డన్‌లో పళ్ల మీద క్రీమ్ పోసి ఇచ్చేస్తారు. 2010 నుంచి రెండున్నర పౌండ్లున్న ఆ గిన్నె ధర 2025లో ఇరవై పెన్నీలు పెంచితే పత్రికలవాళ్లకి అదో పెద్ద వార్త! ఈటన్ బడి పేరు మీద మరో రకం ఉంది. గుడ్డు తెల్లసొనతో చేసిన కరకరలాడే మెరాంగ్‌ని విరిచి ఈ రెంటిలో కలిపేస్తారు. మన విందుల్లో గుడ్డు తినేవాళ్లూ తిననివాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు; పైగా దాన్ని గంటకి పైగా ఓవెన్‌లో ఆరబెట్టాలి. దాని బదులు నేను ఆత్రేయపురం పూతరేకులు వాడతాను. పంచదార, నెయ్యి పెట్టి చుట్టనివి, ఉత్త రేకులు విడిగా అమ్ముతారు. చేత్తో నలిపి పైన చల్లితే పంటి కింద గలగలమంటాయి. తడి తగిలితే క్షణంలో మెత్తబడిపోతాయి కాబట్టి బల్ల దగ్గరికి తెచ్చాకే చల్లాలి.

గ్లాసు సాదాగా, నిటారుగా ఉండాలి. అడుగున ఊటతో పాటు ముక్కలు, మీద క్రీమ్, మళ్లీ ముక్కలు. ఊట ఎర్రటి గీతలుగా క్రీమ్‌లోకి దిగుతుంది, అందమంతా అదే. దాని మీద చాక్లెట్ సిరప్, చెర్రీ, టూటీఫ్రూటీ పోగేస్తే పుట్టినరోజు కేకు అవుతుంది.

మన ఊళ్లో ఏడున్నరకి రమ్మంటే తొమ్మిదికి వస్తారు, తప్పు ట్రాఫిక్‌ది. అందుకని ముక్కలు, క్రీమ్, రేకులు మూడూ విడివిడిగా ఉంచుకోవాలి. గిలకొట్టిన క్రీమ్ ఫ్రిజ్‌లో నాలుగు గంటలైనా ఆగుతుంది. పళ్లు మాత్రం వాళ్లు చెప్పులు విప్పాక తరిగినా చాలు. మజ్జిగన్నం అయ్యేలోపు గ్లాసులు నింపేయొచ్చు. ఆ తర్వాత చేసేదేం లేదు, ఇంటివాళ్లు కూడా ఓ గ్లాసు తీసుకుని అందరితో పాటు కూర్చోవచ్చు. మొదట్లో వచ్చినవాళ్లకి ఇది కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. "అయ్యో, మీరు కూర్చున్నారేంటి, ఇంకేమన్నా ఉందేమో చూసుకోండి" అంటారు. ఏమీ లేదంటే కాసేపు నమ్మరు. తర్వాత వాళ్లే లేచి, ఇంకో గ్లాసు మిగిలిందేమోనని ఫ్రిజ్ తలుపు తీస్తారు.