బాపట్లలో ఆగిన ఓటు

విజయవాడ నుంచి వచ్చే రైలుదారి తెనాలి దాటాక చీలుతుంది. ఒక పాయ రేపల్లెకు వెళ్లి ఆగిపోతుంది. రెండోది బాపట్ల మీదుగా చెన్నైకి సాగుతుంది. ఆ చెన్నై... అదే, నాటి మద్రాసు నుంచి విడిపోవాలా వద్దా అని తెలుగువాళ్లు తొలి ఆంధ్ర మహాసభ పెట్టి తర్జనభర్జన పడింది బాపట్లలోనే!

1913 మే. రోళ్లు పగిలే ఎండలు. అధ్యక్షుడు బయ్యా నరసింహేశ్వర శర్మ. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నవారే ఎక్కువ. కానీ రాయలసీమ, నెల్లూరు, గంజాం, విశాఖ ప్రతినిధుల్లో కొందరు వెనకాడారు. కోస్తా పెత్తనంలో తమ మాట చెల్లుతుందా అన్నది సీమవారి బెంగ. చేతులెత్తించి లెక్కపెడితే తీర్మానం నెగ్గేదేమో! వేరు కాపురం పెట్టకముందే ఇంట్లో చీలిక వస్తే? అందుకే తీర్మానం ఆపి, జనాభిప్రాయం కూడగట్టే పని స్థాయీసంఘానికి అప్పగించారు. కొండా వెంకటప్పయ్య తదితరులు తెలుగు జిల్లాలన్నీ తిరిగారు. 1914లో బెజవాడ సభ రాష్ట్రం కావాలని తీర్మానించింది. సీమ సందేహాలకు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జవాబైంది. రాష్ట్రం మాత్రం 1953 అక్టోబరు 1న గానీ రాలేదు.

2022లో బాపట్లే జిల్లా అయింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. గీతలు మారినా, మూడూళ్లనూ కలిపే పట్టాలు మాత్రం అవే.