మంత్రం రాసినోళ్లు ఎదుటివాళ్లకూ ఒక పాచిక ఇయ్యాలె

పోస్టు జర పొడుగుంటది, ఓపికతో చదవండి.

మేము ఐదుగురం. ముగ్గురం నిజామాబాద్‌లో అద్దె రూంలో, ఇద్దరు అమ్మాయిలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. కొందరం ధర్పల్లి, సిరికొండ వైపు తండాల వాళ్లం, కొందరం బోధన్, వర్ని వైపు వాళ్లం. ఆదివారం తిలక్ గార్డెన్‌లో కూర్చొని మేం ఆడే ఆట ఫొటో ఒకటి స్టేటస్‌లో పెడితే, "మంత్రాల ఆట అంటున్నరు, ఏంది గది?" అని చాలామంది అడిగారు. అందుకే ఈ పోస్టు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుంటారు. "నేను గోడ ఎక్కుతున్న" అంటే చాలదు, పాచిక వేసి ఎక్కగలిగామో లేదో చూడాలి. మేం ఆడేది 2014 నాటి నియమాలతో. వాటిలో ముఖ్యమైన భాగాన్ని కంపెనీ 2023 జనవరిలో అందరూ వాడుకునేలా వదిలింది, ఫోన్లో చదువుకోవచ్చు. కథ నడిపేవాళ్ల పుస్తకం ఒక సీనియర్ అన్న హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని ఇచ్చాడు. 6 ముఖాల పాచికలు లూడో డబ్బాల్లోవి. 20 ముఖాల పాచిక లేదు కాబట్టి 1 నుంచి 20 దాకా చిట్టీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీస్తాం.

మా కథ జరిగేది బోధన్ చుట్టుపక్కల. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది కదా, మా ఆటలో ఆ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీయే భూతాల కోట. మాలో ఇద్దరి ఇళ్లల్లో చెరుకు కోతకు పోయినవాళ్లున్నారు. అందుకే ఆ మ్యాప్ గీసేటప్పుడు ఎవరికీ పుస్తకం అవసరం పడలేదు.

మంత్రాల దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. పుస్తకంలో మూడు వందలకు పైగా మంత్రాలున్నాయి. వాటిలో మన చెరుకు లేదు, మన తీజ్ లేదు. సొంతంగా రాసుకుందాం అనుకున్నాం. రాయడం అల్కగనే అయింది, తూకం కుదరడానికే నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటిది మా తమ్ముడొకడు రాసిన "చెరుకు కోత". కత్తి ఊపితే వరుసలో ఉన్న శత్రువులందరికీ 6 పాచికల దెబ్బ. మంత్రాలకు 1 నుంచి 9 దాకా మెట్లుంటాయి, వాడు దీన్ని 1వ మెట్టులో పెట్టాడు. పుస్తకంలో ఒక పట్టిక ఉంది: ఒకేసారి చాలామందిని కొట్టే మంత్రమైతే 1వ మెట్టుకు 2 పాచికలు, 3వ మెట్టుకు 6 పాచికలు. అంటే తమ్ముడిది 3వ మెట్టు మంత్రం. 2 పాచికల సగటు 7, చిన్న గాబ్లిన్ భూతం ప్రాణం కూడా 7. దానికి 6 పాచికలు వేస్తే సగటు 21. ఆడిచూస్తే మొదటి వంతులోనే భూతాలన్నీ పడిపోయాయి, మిగతా ముగ్గురం పల్లీలు తింటూ కూర్చున్నాం. "గెలిచినం కదా!" అన్నాడు వాడు. "నువ్వు గెలిచినవ్, మేం చూసినం" అంది ఒక అక్క.

ఆ పట్టిక రాతిమీద గీత కూడా కాదు. పుస్తకంలోని ఫైర్‌బాల్ 3వ మెట్టుదే, కానీ దెబ్బ 8 పాచికలు. వాళ్ల పట్టికను వాళ్లే దాటారు. కాబట్టి లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, పక్కనున్నవాళ్లకు చేయడానికి పని మిగిలిందా అని కూడా చూడాలి. చివరికి చెరుకు కోతను 2 పాచికలకు దించి ఒక షరతు కలిపాం: కోసిన చెరుకు నేల మీద పడి ఉంటది, ఆ వరుసలో శత్రువులూ మనవాళ్లూ సగం వేగంతోనే నడవాలి. ఇప్పుడు దాన్ని ఎక్కడ వాడాలో అందరం కలిసి ఆలోచించాల్సి వస్తుంది.

రెండోది "తీజ్". శ్రావణంలో మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు కదా, దాన్ని గాయాలు మాన్పే మంత్రంగా ఒక చెల్లె రాసింది. తొమ్మిది వంతులు నీళ్లు పోస్తే తొమ్మిదో వంతులో అందరి గాయాలు మానుతాయి. వినడానికి మస్తుగుంది. కానీ మా ఆటలో కొట్లాట మూడు నాలుగు వంతుల్లో అయిపోతుంది, తొమ్మిది దాకా ఎవరు ఆగుతారు? దీంట్లో చెరుకు కోతకు ఉల్టా సమస్య: చాలా బలహీనం, ఎవరూ వాడరు. తూకం అంటే తగ్గించడమే అనుకుంటారు చాలామంది. వాడకుండా మూలన పడే మంత్రాన్ని లేపి నిలబెట్టడం కూడా తూకమే. కొట్లాట అయ్యాక తొమ్మిది నిమిషాలు చేసే మంత్రంగా మార్చాం. పక్కన కూర్చొని పాట అందుకున్న ప్రతి ఒక్కరూ ఒక పాచిక కలుపుతారు. చెల్లె ఒక్కతే చేస్తే ఒక పాచిక, ఐదుగురం పాడితే ఐదు.

అసలు గొడవ మూడోదాని దగ్గర వచ్చింది. మాలో ఒకడు దుష్టుడి కోసం "బాణామతి" అని రాశాడు. మనిషి ఎంత దూరంలో ఉన్నా, కంటికి కనపడకున్నా, రోజుకింత ప్రాణం తగ్గిపోతది. చేసిందెవరో తెల్వదు. తప్పించుకునే పాచిక లేదు.

ముందు నియమాల లెక్కనే మాట్లాడుకున్నాం. తప్పించుకోలేని మంత్రం పుస్తకంలో కూడా ఒకటుంది: మ్యాజిక్ మిసైల్. గురి తప్పదు. కానీ మనిషి కంటికి కనపడాలి, షీల్డ్ అనే మంత్రంతో ఆపొచ్చు, దెబ్బ కూడా సగటున పదిన్నరే. అదే 1వ మెట్టులో గురి తప్పే అవకాశమున్న గైడింగ్ బోల్ట్ సగటు 14. ఎదుటివాడికి అవకాశం తగ్గిస్తే దెబ్బ కూడా తగ్గాలి, అదీ లెక్క. బాణామతిలో అవకాశమే లేదు, దెబ్బకు హద్దు లేదు.

రాసినవాడు ఒప్పుకోలేదు. "దుష్టుడంటే భయం ఉండాలె కదా. గిది ఆటనే. సినిమాల్ల సుత కోయదొర అంటే పసరు, మంత్రం అనే చూపిస్తరు" అన్నాడు. "గందుకే మనం గట్ల రాయొద్దు" అన్నాడు ఇంకొకడు.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న చెల్లె తన దాది గురించి చెప్పింది. ఊరి పేరు రాయం. ఒకరింట్లో దూడ చనిపోయింది, ఇంకొకరి పిల్లకు జ్వరం తగ్గలేదు. ఒంటరిగా ఉండే ముసలామె కాబట్టి అందరి చూపు దాది మీద పడింది. రెండు నెలలు బోరింగు కాడ ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. "నువ్వు చెయ్యలేదని చూపెట్టు" అన్నారు. చెయ్యని పనిని చెయ్యలేదని ఎట్ల చూపెట్టాలె? జ్వరం తగ్గినంక అందరూ మర్చిపోయారు, దాది మాత్రం మర్చిపోలేదు. చెప్పడం అయిపోయాక చెల్లె చిట్టీల గ్లాసు పట్టుకొని అడిగింది: "మా దాదికి పాచిక ఎవరిచ్చిన్రు?"

ఆ ఆదివారం ఆట అక్కడే ఆపేశాం.

మన రాష్ట్రంలో మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆడవాళ్ల మీద మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ బిహార్ 1999లోనే చట్టం తెచ్చింది, జార్ఖండ్ 2001లో దాన్ని తీసుకుంది. మేం రాసిన మంత్రంలో లేనిదీ, ఆ మనుషులకు దొరకనిదీ ఒక్కటే: తప్పించుకునే వీలు.

తర్వాతి వారం ఆ మంత్రాన్ని కొట్టేయకుండా తిప్పి రాశాం. పేరు "నింద". దుష్టుడు దాన్ని మనిషి మీద కాదు, ఊరి మీద వేస్తాడు. ఊరంతా ఒక అమాయకురాలిని అనుమానించడం మొదలుపెడుతుంది. ఆమెకు రోజుకొక పాచిక ఉంటది. పక్కన నిలబడి సాక్ష్యం చెప్పిన ప్రతి ఒక్కరి వల్ల ఇంకొకటి కలుస్తది. జ్వరాలకు అసలు కారణం, అంటే ఫ్యాక్టరీ కోట వెనక చెడిపోయిన బావి, దొరికితే మంత్రం విరిగిపోతది. దుష్టుడు మనసు పెట్టి దాన్ని నిలబెట్టాలి, మధ్యలో దెబ్బ తగిలితే జారిపోవచ్చు. మొదటి రూపం కంటే ఇదే ఎక్కువ భయపెట్టింది. బాణామతి రాసినవాడు మాత్రం ఇప్పటికీ "పాతదే జోర్‌దార్ ఉండె" అంటాడు. అననీ, నింద ఆడిన రోజు మొదట సాక్ష్యం చెప్పింది వాడి పాత్రే.

ఇప్పుడు కొత్త మంత్రం ఎవరు తెచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం.

1. అదే మెట్టులో ఉన్న పుస్తకం మంత్రాల పక్కన పెడితే ఎక్కువ తూగుతుందా, తక్కువ తూగుతుందా?
2. వాడినవాళ్లు దానికి ఏం ఖర్చు పెడుతున్నారు?
3. పక్కనున్నవాళ్లకు పని మిగులుతుందా?
4. దెబ్బ తినేవాళ్లకు పాచిక ఉందా?

నాలుగో దానికి "లేదు" అని జవాబు వస్తే ఆ మంత్రం ఆటలోకి రాదు.

గోండు, కోయ, నాయకపోడు, ఎరుకల అన్నలు, చెల్లెళ్లు గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ గూడెంలో, మీ పండుగలో, మీ పనిలో ఉన్నదేదైనా తీసుకొని ఒక మంత్రం రాసి కింద పెట్టండి. పూజల్లో పెద్దలు బయట చెప్పొద్దన్నవి వద్దు, అందరూ చూసేవి చాలు. మెట్టు, దెబ్బ, ఖర్చు, ఎదుటివాళ్ల పాచిక, ఈ నాలుగూ రాయండి. వచ్చే ఆదివారం ఆడిచూసి, ఎట్ల తూగిందో ఇక్కడే చెప్తాం.