కొండ మీదే బయటపడే జబ్బు

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమరగా వెళ్తే 5,280 అడుగుల నుంచి 11,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఐసన్‌హవర్ టన్నెల్‌కి ఎక్కాలి. నా ఫోక్స్‌వ్యాగన్ వానగాన్ క్యాంపర్ 1987 మోడల్. కొత్తలో దాని బలమే 95 హార్స్‌పవర్. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోతుంది. అంటే టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది మూడింట రెండొంతులు. మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు మోసే బండికి అది ఏ మూలకి?

"ఎత్తు మహిమ అన్నా, వదిలెయ్" అన్నాడు ఇక్కడి తెలుగు మిత్రుడు. వదలలేకపోయాను. దారిలో సిల్వర్ ప్లూమ్ ఊరు దాటాక బండి ఉన్నట్టుండి నీరసించేది. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పక్కకు తీసి కాసేపు ఆపితే మళ్లీ హుషారుగా ఎక్కేది. ఎత్తు అలా చేయదు. అది తీసుకునేది మెల్లగా, సమంగా తీసుకుంటుంది. కాసేపు ఆగామని తిరిగి ఇవ్వదు.

స్పార్క్ లోపమైతే సాధారణంగా కుదుపులు తెలుస్తాయి. సైలెన్సర్ వైపు ఎక్కడో మూసుకుపోయి ఉంటే కాస్త ఆపినంతలో తెరుచుకోదు. ఇక మిగిలింది పెట్రోల్.

కానీ గ్యారేజీలో పెట్రోల్ ప్రెషర్ ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉండేది. మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి పడుకోబెట్టి ఈసీజీ తీస్తే నార్మల్ రావడం లాంటిదే ఇది. ఈ ఇంజన్లో పంపు అవసరానికి మించి పెట్రోల్ తోస్తుంది, వాడగా మిగిలింది ట్యాంకుకే వెనక్కి పోతుంది. ఫిల్టర్ సగం పూడుకున్నా చదును దారిలో తగ్గేది ఆ మిగులే. ఇంజన్‌కి లోటు రాదు. లోటు తెలిసేది ఎక్కేటప్పుడే.

అందుకని ప్రెషర్ గేజ్‌ను వెనక ఇంజన్ గదిలోనే బిగించి, పక్కన ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పెట్టాను. (పెట్రోల్ గొట్టాన్ని మనుషులు కూర్చునే చోటికి ఎప్పుడూ లాగకూడదు.) సిల్వర్ ప్లూమ్‌కి ముందొచ్చే జార్జ్‌టౌన్ దగ్గర రెండున్నర బార్ చూపించిన ముల్లు, చడావులో మెల్లమెల్లగా ఒకటిన్నర కిందికి దిగిపోయింది. ఆ వీడియో చూస్తే భయమేసింది. అంత బరువు లాగుతూ పెట్రోల్ చాలకుండా నడిచే ఇంజన్ లోపల విపరీతంగా వేడెక్కుతుంది, పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి. వేగం తగ్గడం దాని ముందు చిన్న సంగతి.

ఫిల్టర్ విప్పి, పెట్రోల్ వచ్చే వైపు నుంచి తెల్లటి పళ్లెంలోకి ఒంపాను. ముందు నల్లటి నీళ్లు, ఆ వెనకే ఎర్రటి తుప్పు పొడి. ట్యాంకు లోపల తుప్పు పట్టింది. పంపు లాగుతున్నంతసేపూ ఆ పొడి ఫిల్టర్‌కి అతుక్కుని ఉండేది. బండి ఆపగానే కొంత కిందికి జారి దారి ఇచ్చేది. ఫిల్టర్ మాత్రమే మార్చి ఊరుకుంటే కొద్ది వారాల్లో కథ మళ్లీ మొదటికి వచ్చేది, కనుక ట్యాంకే మార్పించాను.

ఇప్పుడు టన్నెల్ దాకా ముల్లు కదలదు. అయినా మూడో గేర్లో, కుడి లేన్‌లో, లారీల వెనకే ఎక్కుతాను. అంత ఎత్తులో ఈ ఇంజన్‌కి ఉన్న బలం అంతే.