అగ్గి తెగులు అసలు పేరేమిటి?

రాగి చేనుకు అగ్గి తెగులు తగిలితే నిప్పు ఉండదు, పొగా ఉండదు. అయినా ఆ పేరు పెట్టినవాళ్లు చేనును బాగా చూసినవాళ్లే. ముందు ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు లేస్తాయి. మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమరంగు అంచు. మచ్చలన్నీ కలిసిపోతే ఆకు మాడిపోయినట్టే ఉంటుంది. ఆకు వరకే అయితే పైరు కొంత తట్టుకుంటుంది. ఎన్ను కింద మెడకు తగిలితేనే కొంప మునుగుతుంది. ఎన్ను నిలబడే ఉంటుంది, గింజ మాత్రం తాలు.

సోమలలో మా నాయన అలాంటి ఎన్నొకటి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, "ఈ ఏడు రాగులు కొనుక్కోవాల్సిందే" అన్నాడు. సొంత చేని రాగులతో సంగటి కెలికే ఇంట్లో ఆ మాట ఎంత బరువో మా వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా అవ్వ మాత్రం "మంచు ఎక్కువైంది గదరా, అందుకే అగ్గి పడింది" అంది. ఆమె చెప్పింది నిజమే. ఆకు తడి ఆరకుండా ఉంటేనే ఈ బూజు మొలకెత్తుతుంది.

చదువుకునే రోజుల్లో ఆ మచ్చను మైక్రోస్కోపు కింద చూశాను. బూజు సిద్ధబీజాలు అచ్చం బేరికాయల్లా ఉన్నాయి. ఒక్కోదానిలో రెండు అడ్డుగోడలు, మూడు గదులు. దీని శాస్త్రీయనామం పైరిక్యులేరియా కూడా బేరి చెట్టు లాటిన్ పేరు నుంచి వచ్చిందే. ఆ బీజం తడి ఆకు మీద మొలిచి, చివర గుమ్మటంలాంటి బుడిపె కడుతుంది. దాని లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి 40 రెట్లు! ఆ ఒత్తిడితోనే ఆకును పొడుచుకుని లోపలికి దిగుతుంది. బుడిపె గోడకు ఆ బలమిచ్చేది మెలనిన్ అనే నల్లని రంగు. ట్రైసైక్లజోల్ మందు ఆ రంగు తయారు కానివ్వదు. అందుకే బూజు లోపలికి దిగకముందు కొడితేనే ఆ మందుకు ఫలితం.

ఇక పేరు గొడవ. 1880లో ఇటలీ శాస్త్రవేత్త సక్కార్డో డిజిటేరియా అనే కలుపు గడ్డి మీది బూజుకు పైరిక్యులేరియా గ్రీసియా అని పేరు పెట్టాడు. వరి మీది బూజును ఒరైజే అన్నారు. రెండింటి బీజాలూ బేరికాయలే కాబట్టి అంతా ఒకటేనన్న వాదన చాలాకాలం నడిచింది. రాగి తెగులునూ పుస్తకాల్లో గ్రీసియా అనే రాశారు. 2002లో కౌచ్, కోన్ అనే శాస్త్రవేత్తలు జన్యువులు పోల్చి చూసి, డిజిటేరియా మీదిది వేరే జాతి అని తేల్చారు. వరిదీ రాగిదీ ఒరైజేనే. అందులోనూ రాగిని పట్టే తెగ వేరు, వరిని పట్టే తెగ వేరు.

పేరు మారితే రైతుకేమిటి అంటారా? చేలో వేళ్లలాంటి కంకులు వేసే గడ్డి రెండు రకాలుంటుంది. ఒకటి డిజిటేరియా. రెండోది రాగికి దాయాది, బక్కచిక్కిన రాగి మొక్కలా ఉండే ఎల్యుసిన్ ఇండికా. రాగిని పట్టే తెగ ఈ రెండో దాని మీదా బతుకుతుంది. కలుపు తీసేటప్పుడు మొదట పీకాల్సింది దాన్నే.

దేశాలకైతే ఈ లెక్క ఇంకా పెద్దది. ఇదే జాతిలోని మరో తెగ 1985లో బ్రెజిల్‌లో గోధుమ మీద బయటపడింది. 2016లో బంగ్లాదేశ్ గోధుమ చేలల్లో తేలింది. జన్యువులు చూస్తే అది దక్షిణ అమెరికా నుంచి వచ్చినదేనని తెలిసింది. ఇరుగుపొరుగు దేశాలు జాగ్రత్తపడటానికి ఆ గుర్తింపే ఆధారమైంది.

రాగి వేసేవాళ్లు తెగులు సోకిన చేని గింజను విత్తనానికి దాచకండి. జీపీయూ-28 లాంటి తట్టుకునే రకాలున్నాయి. మంచు పడే రోజుల్లో ఎన్ను తీయకముందే నాలుగు ఆకులు తిప్పి చూడండి. నూలుకండె మచ్చ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయొద్దు.