మూడవ అంశం

2020 సెప్టెంబరులో ఒక రాత్రి సెయింట్ లూయిస్ నుండి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కయ్యా, చిన్న కాగితం ఒకటి తెలుగు చేసిపెట్టాలి" అన్నది. ఇరవై ఏళ్లుగా అనువాదాల మీదనే బ్రతుకుతున్నదాన్ని. చిన్న కాగితం అనగానే నాకు భయం.

అది మిస్సోరీ రాష్ట్ర ప్రజలు నవంబరు 3న అవుననో కాదనో తేల్చవలసిన మూడవ రాజ్యాంగ సవరణ ప్రశ్న. మా చెల్లెలి అత్తగారికి అమెరికా పౌరసత్వం వచ్చాక అవే తొలి ఎన్నికలు. చట్టపు ఇంగ్లీషు ఆమెకు కొరుకుడు పడదు.

ప్రశ్నలో అంశాలు మూడు. శాసనసభ్యులకు లాబీయిస్టులు కానుకలివ్వరాదన్నది మొదటిది. (వారిని "పైరవీకారులు" అని వ్రాసి, కొట్టివేశాను. మనకు అది తిట్టు. అక్కడ నమోదైన వృత్తి.) ఎన్నికల విరాళాల పరిమితి తగ్గించడం రెండవది. నియోజకవర్గాల సరిహద్దులు గీసే బాధ్యతను ఏ పార్టీకీ చెందని జనాభా నిపుణుని నుండి తప్పించి, గవర్నరు నియమించే ఉభయపక్ష సంఘాలకు అప్పగించడం మూడవది. ఆ నిపుణుని పద్ధతిని రెండేళ్ల క్రితమే, 2018లో, 62 శాతం ఓటర్లు కోరి తెచ్చుకున్నారు.

సవరణను వ్యతిరేకించినవారిలో లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ ఒకటి. అమెరికా స్త్రీలకు ఓటు దక్కిన 1920లోనే పుట్టిన సంస్థ; ఏ అభ్యర్థినీ బలపరచదు. అప్పటికే 5 డాలర్లకు మించని కానుకను సున్న చేయడం, సెనేటు అభ్యర్థికిచ్చే విరాళాన్ని 2,500 నుండి 2,400 డాలర్లకు దించడం: ఇవి తేనెచుక్కలు, అసలు మాత్ర మూడవదే అన్నది వ్యతిరేకుల వాదం. శాసనసభ మొదట వ్రాసిన ప్రశ్నలో 2018 నాటి తీర్పు రద్దవుతుందన్న మాటే లేదు. కోర్టులు కలుగజేసుకొన్న తరువాతనే ఆ మాట చేరింది. వరుస మాత్రం మారలేదు.

"మూడోదాన్ని ముందు పెట్టు. ఆవిడ మొదటి వాక్యం చదివి అవుననేస్తుంది" అని చెల్లెలు పట్టుబట్టింది. నాకూ ఆ సవరణ నచ్చలేదు. అయినా మూలంలోని వరుస మార్చే హక్కు నాకెక్కడిది? ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. వారం రోజులు ఫోను లేదు. నేను వరుస మార్చలేదు. కాని మూడవ అంశాన్ని ఒక పొడవాటి వాక్యంగా వదలక, నాలుగు పొట్టి వాక్యాలుగా విడగొట్టాను. అది న్యాయమేనా అని ఇప్పటికీ సందేహమే.

మన దేశంలో ఈ గొడవ ఓటరు దాకా రాదు. డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వులపై కోర్టుకు వెళ్లడం కూడా రాజ్యాంగం సులభంగా ఒప్పుకోదు. 2009 ఎన్నికల నాడుగాని మా నాయనమ్మకు తన ఊరు వేరే నియోజకవర్గంలో కలిసిందని తెలియలేదు.

అనువాదం చేరిన రోజున ఆ పెద్దావిడే ఫోను చేశారు.

"ఏమ్మా, మొదటి రెంటికీ అవుననీ, మూడోదానికి కాదనీ పెట్టవచ్చునా?"

"కుదరదు పిన్నిగారూ. మూడింటికీ కలిపి ఒకటే గుర్తు."

"అయితే గంపగుత్త బేరమన్నమాట" అని ఫోను పెట్టేశారు.

సవరణ 51 శాతం ఓట్లతో నెగ్గింది. తరువాత సెనేటు సరిహద్దులపై సంఘం ఏకాభిప్రాయానికి రాలేక, 2022లో ఆ పని న్యాయమూర్తుల చేతికి పోయింది. ఆవిడ ఏ గుర్తు పెట్టారో నేను అడగలేదు. మా చెల్లెలు అడిగిందట, చెప్పలేదట.