నలభై వాటాల మోటారు

వారసత్వం అనగానే మనకు ఇల్లు, పొలం, నగలు గుర్తుకు వస్తాయి. పంచడానికి వీలైన వాటి విషయంలో షరీఅత్ చెప్పిన లెక్క స్పష్టంగానే ఉంది. ముక్కలు చేయడానికి వీలుకాని వస్తువు వద్దకు వచ్చేసరికే చిక్కు మొదలవుతుంది. మా కుటుంబంలో ఆ వస్తువు ఒక పాత మోటారు కారు.

అబ్బా మరణానంతరం ఆయన అప్పులు తీర్చి మిగిలినది లెక్కించినప్పుడు అమ్మీకి ఎనిమిదో వంతు వచ్చింది. మిగతాదానిలో ఇద్దరు సోదరులకు రెండేసి భాగాలు, కుమార్తెనైన నాకు ఒక భాగం. మొత్తాన్ని నలభై వాటాలు చేస్తే అమ్మీవి ఐదు, సోదరులవి పద్నాలుగు చొప్పున, నావి ఏడు. ఇల్లు, బ్యాంకులోని సొమ్ము ఆ ప్రకారమే పంచుకున్నాము. నాంపల్లి ఇంటి ముందు షెడ్డులో ఉన్న 1948 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ మాత్రం విడదీయరాని నలభై వాటాలుగా మిగిలిపోయింది.

అబ్బా ప్రభుత్వోద్యోగి. 1956లో రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు మారినప్పుడు ఆయన కూడా కాగితాల కట్టలతో పాటు ఇక్కడికి చేరుకున్నారు. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత పెద్ద ఇళ్ళవారు ఒక్కొక్కటిగా అమ్ముకుంటూ వచ్చిన కార్లలో ఇదొకటి. ఆరు సిలిండర్ల కార్లు ఈ నగరానికి కొత్తవి కావు. 1912 నాటి నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా ఆరు సిలిండర్లదే. షెవర్లే వంటివి ఆ సౌఖ్యాన్ని సామాన్యులకు కొంత దగ్గర చేశాయి. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 1928 నుండి 1954 వరకు బొంబాయిలో కార్లు బిగించి దేశమంతటా అమ్మింది.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన దానిని. వరుసగా ఉండే ఆరు సిలిండర్ల ఇంజను గొప్పతనాన్ని విద్యార్థులకు చెప్పడానికి ఈ కారునే ఉదాహరణగా వాడేదానిని. క్రాంకు షాఫ్టు మీద మడతలు నూటఇరవై డిగ్రీల దూరంలో జతలు జతలుగా ఉంటాయి. పిస్టన్లు పైకీ కిందికీ కదిలేటప్పుడు పుట్టే కుదుపులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అన్న క్రమంలో మంట అంటుకుంటుంది. అందుకే అది నిలకడగా తిరిగేటప్పుడు బానెట్టు మీద గాజు గ్లాసులో నీళ్ళు పెట్టినా పెద్దగా కదలవు.

అమ్మీకి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళకూ శస్త్రచికిత్స జరిగింది. చిన్న కార్లలోకి వంగి కూర్చోవడం, లేవడం ఆమెకు నరకం. షెవర్లే తలుపు వెడల్పైనది, సీటు కుర్చీ ఎత్తున ఉంటుంది. మెహదీపట్నంలో ఉన్న ఖాలా ఇంటికైనా, ఆసుపత్రికైనా ఆమె ఒకరి సాయం లేకుండా ఎక్కి దిగగల వాహనం అదొక్కటే. కానీ ఆ కారుకు శక్తి తగ్గింది. నౌబత్ పహాడ్ ఎత్తు మీద మొదటి గేరు వేస్తే తప్ప కదలదు. జనవరిలో నుమాయిష్ జనం మధ్య చిక్కుకుంటే రేడియేటర్ పొంగుతుంది.

అభిప్రాయాలు మూడు దారులు పట్టాయి. భాయీజాన్ కుమార్తె నికాహ్ దగ్గరపడింది. ఆయనకు సొమ్ము కావాలి, కనుక కారును అమ్మాలన్నారు. జిద్దాలో ఉన్న తమ్ముడు ఉంచుదామన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్న అతని కుమారునిది మరో ఆలోచన. "ఫుప్పూ, 1953లో వచ్చిన మొదటి కార్వెట్‌లో ఉన్నది ఈ వంశపు ఇంజనే. మూడు కార్బ్యురేటర్లతో 150 అశ్వశక్తి ఇచ్చింది. మనమూ మూడు బిగిద్దాం. లేదంటే ఇది తీసేసి డీజిల్ ఇంజను పెట్టేద్దాం" అన్నాడు. డీజిల్ మాట కొత్తదేమీ కాదు. పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో ఎన్నో పెద్ద కార్లకు ఆ గతి పట్టింది. అయితే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేనిదే అటువంటి మార్పు కుదరదు. పైగా, అది నలభై వాటాల సొత్తు. ఒకసారి తీసివేసిన ఇంజను తుక్కులోకి పోతే ఏ వాటాదారు అడిగినా తిరిగి తేలేము.

అబ్బా కాలం నుండి ఈ కారును ఎరిగిన ఉస్తాద్ ఆబిడ్స్ వెనుక ఒక సందులో పనిచేస్తారు. డెబ్బై దాటిన మనిషి. ఆయనను పిలిపించాము. "శక్తి పెంచడం తరువాతి మాట బిటియా. పోయిన శక్తి ఎక్కడ పోయిందో ముందు వెతకాలి" అన్నారు.

ఆరు ప్లగ్గులూ తీసి ఒక్కొక్క సిలిండర్‌లో కంప్రెషన్ కొలిచారు. ఐదింటిలో 105 నుండి 110 పౌండ్ల వరకు వచ్చింది. మూడవదానిలో 70 మాత్రమే. అందులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచారు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే నూనె సందులను మూసి, ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అంటే లోపం రింగులది కాదు, వాల్వుది. అడుగు పాన్ విప్పి బేరింగులు చూశారు. అరుగుదల స్వల్పమే. ఇంజను ప్రాణం భద్రంగా ఉంది.

ఈ విషయం తెలిసిన మరుక్షణం ఉస్తాద్ చెప్పిన మాట ఆ మరమ్మతు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. "అమ్మాలనుకున్న మీ అన్నగారికి ఇది ముందు చెప్పండి. ఆగిపోయిన ఇంజను ధరకు ఆయన వాటా కొనడం ధర్మం కాదు." తమ్ముడు భాయీజాన్ వాటాను కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంజను పని అయిపోయిందని భాయీజాన్ అనుకుంటున్నారు. ఆ భ్రమలోనే బేరం కుదిరి ఉంటే కాగితం మీద ఏ దోషమూ కనిపించేది కాదు. ఆ సాయంత్రమే కొలతలు రాసిన చీటీ ఆయన చేతికి ఇచ్చాము. నడిచే కారుగా లెక్కించి ఇద్దరు బయటివారు కట్టిన ధరకు ఆయన తన పద్నాలుగు వాటాలను తమ్మునికి ఇచ్చారు. పెండ్లి ఖర్చుకు ఆ సొమ్ము అందింది. ఒక వస్తువు గురించి మనకు మాత్రమే తెలిసిన సత్యం కూడా అమానతే.

పని మొదలు పెట్టేముందు మిగిలిన మేము ముగ్గురమూ ఒక కాగితం రాసుకున్నాము. చేసే ప్రతి మార్పూ వెనక్కు తిప్పగలిగినదై ఉండాలి. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి పెట్టెలో భద్రపరచాలి. ఖర్చు పెట్టినవారి వాటా ఆ ఖర్చు వల్ల పెరగదు.

మేనల్లునికి మూడు కార్బ్యురేటర్ల మాట మీద ఆశ చావలేదు. ఉస్తాద్ అతన్ని పాన్ పక్కన కూర్చోబెట్టి లోపలి ఏర్పాటు చూపించారు. కార్వెట్ ఇంజను 235 ఘనపు అంగుళాలది. అందులో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు నూనె ఒత్తిడితో చేరుతుంది. మాది 216 ఘనపు అంగుళాలది, సుమారు 3,550 సీసీ. కొత్తలో 90 అశ్వశక్తి ఇచ్చేది. ఇందులో రాడ్ల బేరింగులు కరిగించి పోసిన వైట్ మెటల్. రాడ్డు అడుగున చిన్న గరిట వంటిది ఉండి, పాన్‌లోని నూనెను అందుకుని బేరింగుకు చేరవేస్తుంది. సాధారణ వేగానికి ఆ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. చాలాసేపు అతివేగంగా తిప్పితే మెత్తని లోహం నలిగి, కరిగి, బేరింగు పోతుంది. "గుండె బలం చూడకుండా బరువు ఎత్తమంటావా?" అని ఆయన అడిగితే పిల్లవాడు నవ్వి ఊరుకున్నాడు.

కాబట్టి మొదటి మెట్టు పునరుద్ధరణ. మూడవ సిలిండర్ వాల్వును కొత్తగా కూర్చోబెట్టారు. బేరింగు మూతల కింద ఉండే పలుచని షిమ్‌లలో ఒక్కొక్క పొర తీసి వదులు సరిచేశారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లోపల ఒక రేకు తలుపు ఉంటుంది. చలి పట్టిన ఇంజనుకు వేడి అందించి, తరువాత దానంతటదే పక్కకు తిరగాలి. అది ఏళ్ళ తరబడి మూసుకునే బిగుసుకుపోయి, లోపలికి వెళ్ళే గాలిని అనవసరంగా కాచేస్తోంది. వేడి గాలి పలుచన, పలుచని గాలిలో శక్తి తక్కువ. దాన్ని విడిపించగానే సగం తేడా తెలిసింది. రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించాము. తుప్పు పట్టి సన్నబడిన సైలెన్సర్ గొట్టం స్థానంలో సరైన కొలత గొట్టం వచ్చింది.

రెండవ మెట్టు కొద్దిపాటి పెంపు. ఆ రోజుల పెట్రోలుకు ఆక్టేన్ తక్కువ, కనుక కంప్రెషన్ నిష్పత్తిని 6.5కే పరిమితం చేశారు. నేటి పెట్రోలు అంతకంటే మెరుగైన ఒత్తిడిని తట్టుకుంటుంది. ఇక్కడ నా పాత వృత్తి ఉపయోగపడింది. ఒక్కొక్క సిలిండర్ ఘనపరిమాణం 591 సీసీ. నిష్పత్తి 6.5 అయితే పైన మిగిలే గది సుమారు 107 సీసీ. దాన్ని 95కు తగ్గిస్తే నిష్పత్తి 7.2 అవుతుంది. దీనివల్ల అదే పెట్రోలు నుండి సిద్ధాంతరీత్యా వందకు మూడు నాలుగు వంతుల శక్తి అదనంగా వస్తుంది. అంతకు మించితే వైట్ మెటల్ మీద దెబ్బ పడుతుందని ఉస్తాద్ అక్కడే ఆపారు. అసలు హెడ్డును మాత్రం ముట్టుకోలేదు. యుద్ధకాలపు షెవర్లే లారీలలోనూ ఈ ఇంజనే ఉండేది. అటువంటి లారీదొక హెడ్డు దొరికితే దానిని మిల్లింగ్ చేయించి బిగించాము. మా హెడ్డు నూనె పూసుకుని పెట్టెలో ఉంది.

మూడవది నేటి పెట్రోలుతో వచ్చిన సమస్య. ఇప్పుడు బంకులలో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. అది పాత రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. పంపులోని డయాఫ్రమ్‌ను, రబ్బరు గొట్టాలను దానికి తట్టుకునే రకానికి మార్చాము. ఇంకొక సంగతి ఉంది. కిలో శుద్ధమైన పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే అదే గాలికి దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం అందాలి. అందకపోతే ఇంజను వేడెక్కి ఈడ్చుకుంటూ నడుస్తుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచే సూది స్థానంలో కొంచెం సన్నని సూది వేశారు. డిస్ట్రిబ్యూటర్ మీద పెట్రోలు నాణ్యతను బట్టి టైమింగు సవరించుకునే చిన్న కొలత పలక కారుతో పాటే వచ్చింది. దానిని అటూ ఇటూ జరుపుతూ ఎత్తు మీద నడిపి చూసి, ఇంజను కొట్టుకోని చోట బిగించారు.

ఈ పనులన్నిటి మధ్యలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలలో పాత మోటారు మరమ్మతు గ్రంథం ఒకటి మేనల్లుని కంటపడింది. అట్ట లేదు, నూనె వేలిముద్రలు మాత్రం నిండుగా ఉన్నాయి. అతడు దానిని చదివి, ఫీలర్ గేజితో వాల్వుల సందు స్వయంగా సరిచేయడం నేర్చుకున్నాడు. వేగం కోసం వచ్చిన పిల్లవాడు కొలత దగ్గర ఆగాడు.

చివరగా బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. శక్తి పెంచే ముందే వాటి సిలిండర్లు, లైనింగులు, గొట్టాలు కొత్తవి కావాలని ఉస్తాద్ పట్టుబట్టారు. ఆపగలిగినంతే నడపాలని ఆయన నియమం.

ఇప్పుడు కారు నౌబత్ పహాడ్‌ను రెండవ గేరులో ఎక్కుతుంది. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇచ్చేది ఆరున్నర దాకా ఇస్తోంది. గంటకు 70 కిలోమీటర్లు మించవద్దని అమ్మీ ఆజ్ఞ. ఆ వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 2,200 చుట్లు మాత్రమే తిరుగుతుంది, వైట్ మెటల్‌కు అది సుఖమైన వేగం. వెళ్ళిన నెలలో భాయీజాన్ కుమార్తె అత్తవారింటికి వెళ్ళింది ఈ కారులోనే. అందులో తనకిప్పుడు వాటా లేదని భాయీజాన్ నవ్వుతూ అంటే, "నడిపేవాడివి నువ్వే కదా" అని అమ్మీ తాళం చెవి ఆయన చేతిలో పెట్టింది.

మీ ఇండ్లలోనూ ఇటువంటిదేదో ఒకటి ఉండే ఉంటుంది. కుట్టు మిషను కావచ్చు, దుకాణం కావచ్చు, ఉమ్మడి గోడ కావచ్చు. బాగు చేయాలనుకున్నప్పుడు ముందు దాని స్థితిని కొలవండి. కొలిచినది వాటాదారులందరికీ చెప్పండి. అందులోని అతి బలహీనమైన భాగం ఎంత మోయగలదో అంతవరకే పెంచండి. తీసిన భాగాలను పారవేయకండి. మా పెట్టె మీద నలుగురి పేర్లూ రాసి ఉన్నాయి. వాటా అమ్ముకున్న భాయీజాన్ పేరు కూడా అందులో ఉంది, తమ్ముడే పట్టుబట్టి రాయించాడు.