ముందు చక్రం

మా యింట్లో ఒక పాత మోరిస్ మైనరు కారు ఉంది. 1955లో తయారైన ఆ బండిని నాన్నగారు 1968లో ఒక ఇంజనీరుగారి వద్ద కొన్నారు. అప్పటికి నాకు నాలుగేండ్లు. మా వీధి పిల్లలందరూ దానిని 'తాబేలు కారు' అనేవారు. దాని గుండ్రని వీపును చూచిన వారెవరికైనా ఆ పేరు సార్థకమనే తోస్తుంది.

ఈ కారును రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. 1948లో లండను మోటారు ప్రదర్శనలో ఇది లోకానికి పరిచయమయింది. బ్రిటనులో పది లక్షల సంఖ్యను అందుకొన్న మొట్టమొదటి కారు ఇదే. సామాన్య కుటుంబాల కోసం తయారైనా, నడకలో మాత్రం పెద్ద కార్లకు తీసిపోదు. దానికి ముఖ్యకారణం ముందు చక్రాల అమరిక. అక్కడ చుట్టలు చుట్టిన స్ప్రింగులుండవు. వాటికి బదులుగా చక్రానికొకటి చొప్పున పొడవైన ఉక్కు కడ్డీ ఉంటుంది. దానినే టార్షన్ బార్ అంటారు. కడ్డీ ఒక కొస బండి అడుగుభాగానికీ, రెండవ కొస చక్రపు క్రింది చేతికీ బిగించి ఉంటాయి. చక్రం గతుకు మీదికెక్కినప్పుడు ఆ కడ్డీ తడిబట్టను పిండినట్లు మెలి తిరుగుతుంది; గతుకు దాటగానే మెలి విడుతుంది. ఆ ఊపును అణచడానికి నూనె నింపిన షాక్ అబ్జార్బరు ఉంటుంది. ఈ కారులో ఆ నూనెపెట్టె నుండి వచ్చిన చేయే చక్రాన్ని పైభాగాన పట్టి ఉంచుతుంది.

1998 నాటికి ఆ పెట్టెలు ముసలివైపోయాయి. నూనె కారేది. చిన్న గుంట తగిలినా బండి ముందుభాగం పడవలాగా ఊగేది. "ఇది పాతకాలపు పద్ధతి. గొట్టంలో గొట్టం అమరే టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు తెప్పించి వేయిద్దాం" అన్నాను. నాన్నగారు కాదనలేదు. "కొత్తవి వేయించు. కాని ముందు ఉన్నవాటి సంగతి చూడు" అన్నారు. ఆ రెండవ మాట నేను వినిపించుకోలేదు. ఇంగ్లండులోని మిత్రునికి వ్రాసి సామాను తెప్పించాను.

బండిని షెడ్డుకు తీసుకొనిపోయాను. మెకానిక్ సాయిబు గారు జాకీ ఎత్తి, ఎడమ చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని పైకీ క్రిందికీ కదిపారు. చక్రం లొటలొటలాడింది. ఆయన ముఖం మారింది. విప్పి చూపించారు. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ క్రిందికొస, బోల్టు మీది మరలవంటి మరలతో ఒక లోహపు దిమ్మెలో తిరుగుతుంది. దాని పేరు ట్రనియన్. స్టీరింగు త్రిప్పినప్పుడల్లా ఆ మరల మీదనే చక్రం తిరగాలి. అక్కడ గ్రీజు ఎండిపోయి మరలు దాదాపు అరిగిపోయాయి.

"బాబూ, ఇది ఊడితే చక్రం ప్రక్కకు మడుచుకొనిపోతుంది. కొత్త షాక్ అబ్జార్బరు దీన్ని ఆపలేదు. దీనికి గ్రీజు కొట్టి ఎన్నాళ్ళయింది?" అని అడిగారాయన.

నేను సమాధానం చెప్పలేకపోయాను. ముందటి ఆదివారమే భార్యాపిల్లలతో రాజమండ్రి నుండి గోదావరి వంతెన మీదుగా కొవ్వూరు వెళ్ళి వచ్చాను. ఆ వంతెన నడుమ చక్రం మడుచుకొని ఉంటే! ఆ తలపుకే నా ఒళ్ళు గగుర్పొడిచింది.

ఇంటికి వచ్చి నాన్నగారి బీరువాలోని చిన్న నోటుపుస్తకం తీశాను. గ్రీజు పెట్టిన ప్రతి తేదీనీ ఆయన అందులో వ్రాసుకొనేవారు. చివరి తేదీ 1995 నవంబరు. ఆ తరువాతివన్నీ తెల్లకాగితాలే. ఆ యేడే ఆయన కంటికి శుక్లాలు ముదిరాయి. "అబ్బాయీ, ఈ ఆదివారం ఒకసారి బండి క్రిందికి దూరి గ్రీజు పెడతావా?" అని ఆయన అడిగిన మాట నాకు గుర్తుకొచ్చింది. వచ్చే ఆదివారం చూద్దామన్నాను. ఆ ఆదివారం మూడేండ్లు రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. నేను కొత్త సామానుకై వెచ్చించిన డబ్బులో వందో వంతు గ్రీజుకు వెచ్చించి ఉంటే ఆ మరలు అరిగేవి కావు.

జరిగినదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "పిల్లలు క్షేమంగా ఉన్నారు కదా!" అన్నారు. కోప్పడి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేదేమో!

కొత్త ట్రనియన్లు వచ్చేవరకు ఆరువారాలు బండి చెక్కమొద్దుల మీదనే నిలిచింది. తరువాత సాయిబు గారు వాటిని బిగించి, టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లను కూడ అమర్చారు. పాత నూనెపెట్టెలను మాత్రం తీసివేయలేదు. ఊపును అణచే పని వాటికి తప్పినా, చక్రాన్ని పట్టి ఉంచే పని వాటిదే కదా! ఆనాడు నాన్నగారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని వంతెన దాటాను. బండి ఊగలేదు. ఆయన కనులు మూసుకొని చక్రాల చప్పుడు విని, "బాగుంది" అన్నారు.

కొత్తదనాన్ని కోరడం తప్పుకాదు. ఆ కొత్త షాక్ అబ్జార్బర్ల వలన మా బండి నడక నిజంగానే మెరుగుపడింది. కాని కొత్తదాన్ని కూడ మోయవలసింది పాత మరలే. వాటిని పట్టించుకోకుండా పైపై మెరుగులు దిద్దబూనడం పునాదిని చూడక గోడకు సున్నం వేయడం వంటిది.

నాన్నగారు ఇప్పుడు లేరు. కారు ఉంది, నోటుపుస్తకమూ ఉంది. 1998 నుండి అందులోని తేదీలన్నీ నా చేతివ్రాతలోనివే. ఆ మూడేండ్ల తెల్లకాగితాలను మాత్రం నేను చింపివేయలేదు.